యాభై దాటాక రాడ్డు: పదహారు వారాల బరువుల డైరీ

ఇద్దరు మనుషులు, వారానికి మూడు రోజులు, పదహారు వారాలు. ఒకరికి 58 ఏళ్లు, 78 కిలోలు. కాలేజీ రోజుల్లో గట్టిగా బరువులెత్తినాయన, గత పదేళ్లుగా మెషీన్ల మీద తేలిగ్గా లాగించేస్తున్నారు. బీపీకి మాత్ర వేసుకుంటారు. ఎడమ చెయ్యి పూర్తిగా పైకెత్తితే భుజం పట్టేస్తుంది. రెండోవారికి 63 ఏళ్లు, 61 కిలోలు, ఇంతవరకూ రాడ్డు ముట్టుకోలేదు. ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్‌లో తుంటి టీ-స్కోర్ (పడుచువాళ్ల ఎముకతో పోల్చి చెప్పే అంకె) మైనస్ 2.1 వచ్చింది. ఎముక పలచబడుతోంది గానీ ఆస్టియోపోరోసిస్ (ఎముక గుల్లబారడం) అనే గీత మైనస్ 2.5 దగ్గరుంటుంది, అక్కడిదాకా ఇంకా పోలేదు. ఈ డైరీలో వాళ్లు సార్, మేడం; దగ్గరుండి చేయించింది మేం.

ఇద్దరూ మొదట అడిగింది ఒకటే: “ఈ వయసులో తేలిక బరువులు ఎక్కువసార్లు చేసుకుంటే చాలదాండీ?” కండ పెరగడం వరకే అయితే చాలు. తేలిక బరువైనా ఇక లేవదు అన్నంతవరకూ చేస్తే కండ పెరుగుతుంది. బలం, ఎముక మాత్రం అలా మాట వినవు, వాటికి బరువు బరువుగానే పడాలి. పైగా తేలిక బరువుతో ముప్పై రెప్స్ (ఒకసారి ఎత్తి దించితే ఒక రెప్) చేసేవాడు చివరి ఐదారు రెప్స్ ఊపిరి బిగబట్టి మూలుగుతూనే చేస్తాడు. బీపీ ఉన్నవాళ్లకు ఆ చివరి అర నిమిషమే గొడవ. అందుకని బరువు ఉంచి రెప్స్ తగ్గించాలి, సెట్‌ను (ఆగకుండా వరసగా చేసే రెప్స్‌ను) ఇంకా రెండు మూడు రెప్స్ చేయగలం అనగానే ఆపాలి, ‘ఒక్కసారి ఎంత లేపగలవు’ అనే పందెం పూర్తిగా మానాలి. ప్రాజెక్టంతా ఈ లెక్క మీదే నడిచింది.

మొదలుపెట్టే ముందు: వడపోత

ఛాతీలో నొప్పి, మెట్లెక్కితే ఎన్నడూ లేనంత ఆయాసం, హెర్నియా, ఈమధ్య కంటికి ఆపరేషన్, వీటిలో ఏ ఒక్కటున్నా డాక్టర్ సరే అనేదాకా రాడ్డు లేదు. మన దగ్గర తరచుగా వదిలేసే ప్రశ్న షుగర్ వాళ్ల రెటీనా. రెటినోపతీ (షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం) ముదిరినవాళ్లు ఊపిరి బిగబట్టి బరువెత్తితే కంట్లో రక్తం చిమ్మే ప్రమాదం ఉంది, కాబట్టి కంటి డాక్టర్ చూశాకే మొదలుపెట్టాలి. ఇన్సులిన్ గానీ గ్లిమిపిరైడ్ జాతి షుగర్ మాత్రలు గానీ వాడేవాళ్లు జిమ్‌కి ముందు షుగర్ చూసుకోవాలి. బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మందు) వాడేవాళ్లకు నాడి పెద్దగా పెరగదు, వాళ్ల చేతి వాచీ చూపే అంకెను నమ్మి కష్టాన్ని అంచనా వేయొద్దు.

మేం పెట్టుకున్న గీత: వచ్చి ఐదు నిమిషాలు కూర్చున్నాక బీపీ 160/100 దాటితే ఆరోజు నడకే.

సార్‌కి 138/86. ముప్పై సెకన్లలో కుర్చీలోంచి చేతులు కట్టుకుని లేచి కూర్చోవడం: సార్ 15 సార్లు, మేడం 10. ఆవిడ వయసు ఆడవాళ్లకు 12 కంటే తక్కువ వస్తే తక్కువ కిందే లెక్క. పిడికిలి బలం సార్‌కి 34 కిలోలు, మేడంకి 17. ఆసియా వాళ్లకోసం 2019లో ఖాయం చేసిన హద్దులు మగవాళ్లకు 28, ఆడవాళ్లకు 18. ఆ లెక్కన మేడం గీత కిందున్నారు.

గరిష్ఠ బరువు ఎవరికీ పరీక్షించలేదు. సార్ రాడ్డు వీపు మీద పెట్టుకుని బల్ల మీదికి కూర్చుని లేచే స్క్వాట్ 50 కిలోలతో 5 రెప్స్ చేశారు, ఇంకో మూడు చేయగలనన్నారు. అంటే 8 రెప్స్ బరువు. బరువు × (1 + రెప్స్ ÷ 30) అనే సూత్రం వేస్తే ఒక్కసారి లేపగలిగేది సుమారు 63 కిలోలు. డెడ్‌లిఫ్ట్ (నేల మీది రాడ్డును ఎత్తి నిటారుగా నిలబడడం) 70తో 5, మూడు మిగిలాయి, కాబట్టి సుమారు 89. ఈ సూత్రం పది రెప్స్ దాటితే తప్పుతుంది.

సామాను సరిచేయడం

బరువులు కిలో రెండు కిలోల లెక్కన పెంచాలనుకున్నప్పుడు ముందు తెలియాల్సింది అసలు ఎంత ఎత్తుతున్నామో. లగేజీ తూచే కొక్కెం త్రాసుతో అన్నీ తూచాం. ‘20 కిలోల’ రాడ్డు 17.2. పది అని పోత పోసిన ప్లేట్లు 9.3 నుంచి 10.6 వరకూ ఉన్నాయి. రెండు బరువైనవి ఒకవైపు, రెండు తేలికైనవి ఇంకోవైపు పడితే 2.6 కిలోల తేడా. ఇరవై ఏళ్ల కుర్రాడికి అది తెలియను కూడా తెలియదు, అరిగిన నడుముకు తెలుస్తుంది. ప్రతి ప్లేటు మీదా అసలు బరువు పసుపు పెయింటుతో రాసి, దగ్గరగా ఉన్నవాటిని జతలు కట్టాం.

రెండో సమస్య ఎత్తు. పోటీల్లో వాడే పెద్ద ప్లేటు వ్యాసం 45 సెంటీమీటర్లు, కాబట్టి రాడ్డు నేల నుంచి 22.5 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. మామూలు జిమ్‌లో పది కిలోల రబ్బరు ప్లేటు వ్యాసం 33. అంటే రాడ్డు 16.5 దగ్గరే ఉంటుంది. తక్కువ బరువుతో మొదలుపెట్టే మనిషే అందరికంటే కిందికి వంగాలి! పెద్దవాళ్లకు డెడ్‌లిఫ్ట్‌లో నడుము పట్టేయడానికి సగం కారణం ఇదే అని మా నమ్మకం. మందు చవక: 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ 40×40 సెంటీమీటర్ల ముక్కలు మూడు ఫెవికాల్‌తో అతికించి స్క్రూలు బిగించి, పైన 6 మిల్లీమీటర్ల రబ్బరు షీటు. మొత్తం 60 మిల్లీమీటర్లు. ప్లేటు దొర్లిపోకుండా ముందూ వెనకా చెక్క పట్టీ. అలాంటివి రెండు చేశాం. మేడంకి వాడే ఐదు కిలోల ప్లేట్ల వ్యాసం 23 కాబట్టి ఆవిడకు ఆరు ముక్కల దిమ్మ, 108 మిల్లీమీటర్లు.

చిన్న ప్లేట్లు. ఎక్కడైనా దొరికేది 2.5, రెండు వైపులా కలిపి ఐదు కిలోలు. సార్ 45 కిలోల ప్రెస్‌కి (చేతులతో బరువును పైకి నెట్టడం) అది ఒక్కసారిగా పదకొండు శాతం పెంపు, ఏ భుజమూ ఊరుకోదు. వెల్క్రోతో మణికట్టుకు కట్టుకునే అర కిలో బరువులు జత కొని రాడ్డు చివర్లకు చుట్టాం.

1–3 వారాలు

సోమవారం స్క్వాట్, నేల మీద పడుకుని చేసే ప్రెస్. శుక్రవారం డెడ్‌లిఫ్ట్, రోయింగ్ (బరువును ఒంటివైపు లాగడం), ఒంటిచేతి ప్రెస్. బుధవారం తేలిక బరువు, వేగంగా. కాళ్లకు రెండు బరువైన రోజుల మధ్య కనీసం 72 గంటలు ఉండేలా చూశాం.

బుధవారాన్ని చాలామంది విశ్రాంతి అనుకుంటారు, కాదు. వయసుతో బలం తగ్గుతుంది, వేగంగా బలం చూపే శక్తి దానికంటే తొందరగా తగ్గుతుంది. బాత్రూంలో కాలు జారినప్పుడు నిలబెట్టేది రెండోదే. కుర్చీలోంచి చటుక్కున లేచి మూడు సెకన్లు పట్టేలా కూర్చోవడం, మూడు కిలోల మెడిసిన్ బాల్ ఛాతీ దగ్గర్నుంచి గోడకు విసరడం 4 సెట్లు 5 చొప్పున, సార్‌కి 12 కిలోల కెటిల్‌బెల్ (పిడి ఉన్న ఇనుప గుండు) స్వింగ్. మేడంకి మూడో వారం నుంచి కాలివేళ్ల మీద లేచి మడమలు నేలకు దభీమని దించడం, 3 సెట్లు 10. ఎముకకు ఆ దెబ్బే సంకేతం. గోడ దగ్గర ఒంటికాలి మీద నిలబడడం ఇద్దరికీ.

సార్ వార్మప్: సైకిల్ 8 నిమిషాలు, ఖాళీ రాడ్డు 8 చొప్పున రెండుసార్లు, 30తో 5, 40తో 3, తర్వాత అసలు సెట్లు. పాతికేళ్లప్పుడు రెండు మెట్లలో ఎక్కింది ఇప్పుడు నాలుగైదు మెట్లలో ఎక్కాలి, సమయం దొరక్కపోతే అసలు సెట్లలో ఒకటి వదిలేయాలి గానీ వార్మప్ కాదు. స్క్వాట్ 50, 52.5, 55. డెడ్‌లిఫ్ట్ 70, 72.5, 75. అన్నీ 3 సెట్లు 5 రెప్స్, మూడు రెప్స్ మిగిలేలా.

ఊపిరి గురించి మొదటి రోజే తేల్చేశాం. 1985లో ధమనిలోనే సూది పెట్టి కొలిచిన ప్రయోగంలో, రెండు కాళ్ల లెగ్ ప్రెస్ (కాళ్లతో బరువును నెట్టే మెషీన్) ఇక చేతకాదు అన్నంతవరకూ చేసిన ఆరోగ్యవంతులైన యువకుల సగటు పీడనం 320/250కి చేరింది, ఒకరిది 480/350 దాటింది. భయపెట్టడానికి కాదు ఈ అంకెలు చెప్పేది. ఆ పీడనం బరువొక్కదాని వల్ల రాదు, చివరిదాకా గింజుకోవడం, ఊపిరి బిగబట్టడం రెండూ కలిస్తే వస్తుంది. అందుకే పైకి లేస్తూ కష్టమైన చోటు దాటుతుండగా పళ్ల మధ్య నుంచి ఊపిరి వదలడం, ప్రతి రెప్ తర్వాత నిలబడి ఒక పూర్తి శ్వాస. రాడ్డు ఆగిపోతోందనిపిస్తే కింద సేఫ్టీ పిన్నుల మీదికి వదిలేయడమే. పిన్నులు స్క్వాట్ అడుగుకు రెండు వేళ్లు కింద పెడతాం.

మేడం నేర్చుకున్నది ఒకటే: వీపు వంచకుండా తుంటి దగ్గర మడవడం. వీపుకు కర్ర ఆనించి, తల వెనక, వీపు, పిరుదు మూడూ కర్రకు తగులుతూ వంగాలి. ఎముక పలచబడినవాళ్లు బరువుతో వీపు గుండ్రంగా వంచితే ముందు నలిగేది వెన్నుపూస ముందుభాగమే. తర్వాత 16 కిలోల కెటిల్‌బెల్ 20 సెంటీమీటర్ల దిమ్మ మీంచి ఎత్తడం. మూడో వారం చివరికి 20 కిలోలు.

4వ వారం

సార్‌కి కుడి మోచేయి లోపలివైపు నొప్పి. ప్రెస్ వల్ల అనుకున్నారు, దొంగ స్క్వాట్‌లో ఉంది. భుజం తిరగనివాళ్లు రాడ్డును వీపు మీద ఇరుకుగా పట్టుకుంటే మణికట్టు వెనక్కి మడిచి చేతుల్తో బరువు మోస్తారు, ఆ భారం మోచేతికి పోతుంది. రాడ్డును మెడ కింద కండ మీదికి రెండంగుళాలు పైకి జరిపి, చేతులు ప్లేట్ల దగ్గరదాకా వెడల్పు చేసి, బొటనవేలు కూడా రాడ్డు మీదికే తెప్పించాం. రెండు వారాల్లో సర్దుకుంది.

నొప్పికి మా కొలబద్ద: పదికి మూడు వరకూ పరవాలేదు, కానీ మర్నాటి పొద్దుటికి మునుపటి స్థాయికి రావాలి. రాకపోతే వచ్చేసారి సెట్లు తగ్గుతాయి. కండ వారాల్లో బలపడుతుంది, కండను ఎముకకు కట్టి ఉంచే స్నాయువుకు నెలలు కావాలి. యాభై దాటినవాళ్ల గాయాలు ఎక్కువగా ఆ సందులోనే పడతాయి. మళ్లీ మొదలుపెట్టిన ఆరో వారం ‘అబ్బ, పాత బలం వచ్చేసింది’ అనిపించే రోజును అనుమానించాలి.

ఇది తేలిక వారం. బరువు అంతే ఉంచి మూడు సెట్లకు బదులు ఒకటే చేయించాం. అందరూ చేసేది దీనికి తలకిందులు, బరువు సగం చేసి సెట్లు అన్నీ లాగుతారు. అమెరికాలోని అలబామాలో 2011లో వచ్చిన పరిశోధనలో 16 వారాల శిక్షణ తర్వాత పనిని తొమ్మిదో వంతుకు తగ్గించి, బరువు మాత్రం తగ్గించకుండా 32 వారాలు కొనసాగిస్తే, 60–75 ఏళ్లవాళ్లకు కండ కొంత తగ్గింది గానీ బలం నిలిచింది.

5–8 వారాలు

4 సెట్లు 4 రెప్స్, రెండు మిగిలేలా. స్క్వాట్ 57.5 నుంచి 62.5. డెడ్‌లిఫ్ట్ 80, 82.5, 85, 87.5.

80 దాటగానే సార్ అలవాటు కొద్దీ ఒక అరచెయ్యి ముందుకీ ఒకటి వెనక్కీ పెట్టి పట్టుకున్నారు. మానిపించాం. అరచెయ్యి ముందుకు తిప్పిన చేతిలో మోచేతి దగ్గర బైసెప్స్ స్నాయువు తెగడం నడివయసు మగవాళ్లలోనే ఎక్కువ. రెండు అరచేతులూ లోపలికే పెట్టి పట్టు సడలేదాకా, ఆపై మణికట్టుకు కట్టి రాడ్డుకు చుట్టే పట్టీలు. పట్టుకోసం విడిగా రాడ్డు పట్టుకుని 20 సెకన్లు నిలబడడం రెండుసార్లు. ఉత్తరాంధ్ర ఊళ్లలో సంగిడి రాయి ఎత్తే పెద్దవాళ్లు చేతులు వంచి లాగరు, రాయిని ఒడిలోకి తెచ్చుకుని తుంటితో లేస్తారు. అదే సూత్రం.

మేడం ఐదో వారంలో రాడ్డుకొచ్చారు. డెన్మార్క్‌లోని కోపెన్‌హాగెన్ ప్రయోగం గురించి విని తనకూ అంత బరువే కావాలన్నారు. అక్కడ రిటైరయ్యే వయసువాళ్లు ఏడాదిపాటు వారానికి మూడుసార్లు బరువైన శిక్షణ చేశారు, మొదలుపెట్టిన నాలుగేళ్లకు చూస్తే కూడా వాళ్ల కాళ్ల బలం నిలిచే ఉంది, మధ్యస్థంగా చేసినవాళ్లకు తగ్గింది. ఆవిడకు దగ్గరి పోలిక మాత్రం ఆస్ట్రేలియాలో జరిగింది, 2018లో ఫలితాలు వచ్చాయి: ఎముక పలచబడిన, ముట్లుడిగిన ఆడవాళ్లు, వారానికి రెండుసార్లు అరగంట, ఒక్కసారి లేపగల గరిష్ఠ బరువులో 85 శాతం పైన బరువుతో 5 సెట్లు 5 రెప్స్, ఎనిమిది నెలలు. నడుము వెన్నులో ఎముక సాంద్రత 2.9 శాతం పెరిగింది, ఇంట్లో తేలిక వ్యాయామం చేసినవాళ్లకు 1.2 శాతం తగ్గింది. కాకపోతే అక్కడ ప్రతి సెట్‌నూ పక్కన మనిషి నిలబడి చూశాడు. అది విడదీసి చదవకూడదు. పైగా పదహారు వారాలకు స్కాన్‌లో ఏమీ కనబడదు, మళ్లీ డెక్సా ఏడాదికే.

ఎనిమిదో వారం ఆవిడ డెడ్‌లిఫ్ట్ 30 కిలోలు.

తిండి ఇక్కడే సరిచేశాం, ఎందుకంటే సార్ బలం ఆగినట్టనిపించింది. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) సాధారణ సిఫారసు కిలో శరీరానికి 0.83 గ్రాముల ప్రొటీన్. బరువులెత్తే పెద్దవాళ్లకు 1.2 మేలు. సార్‌కి 94 గ్రాములు. రాయించి చూస్తే సుమారు 55 వస్తోంది, అందులో పొద్దుట నాలుగిడ్లీలూ చట్నీలో పదికి మించి లేదు. వాటి బదులు ఉప్మా లేని పెసరట్టు రెండు, 50 గ్రాముల పెసలు, 12 గ్రాములు. పక్కన రెండు గుడ్లు, ఇంకో 12. మధ్యాహ్నం ముప్పై గ్రాముల పొడి మీల్‌మేకర్ కూరలో వేస్తే 15. రాత్రి వంద గ్రాముల కోడిమాంసం గానీ చేప గానీ. పెరుగు కప్పు అదనం. అన్నం మానక్కర్లేదు, కొంచెం తగ్గింది అంతే. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఇది డాక్టర్‌తోనే మాట్లాడాలి. రోజుకు 3 గ్రాముల క్రియాటిన్ (బలానికి వాడే పొడి) మొదలుపెట్టారు. అది వాడుతూ రక్తపరీక్ష చేయించుకుంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే అంకె) కాస్త ఎక్కువ చూపిస్తుంది, డాక్టర్‌కి ముందే చెప్పాలి.

9–12 వారాలు

తొమ్మిదో వారం సోమవారం సార్ మామూలుగా వచ్చి, మూత్రంలో ఇన్ఫెక్షన్‌కి లెవోఫ్లాక్సాసిన్ వాడుతున్నానని మాటల్లో అన్నారు. ఆ క్షణమే ప్రణాళిక మారిపోయింది. లెవోఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ జాతి మందులకు స్నాయువు తెగే ప్రమాదం ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008 నుంచి మందు సమాచార పత్రంలో నల్లగీతల గడి కట్టి హెచ్చరిక పెట్టిస్తోంది. అరవై దాటినవాళ్లకు, స్టెరాయిడ్ వాడేవాళ్లకు ప్రమాదం ఇంకా ఎక్కువ. ఎక్కువగా తెగేది మడమ వెనక స్నాయువు. మందు మానేశాక కొన్ని నెలల వరకూ జరగొచ్చు.

మందు సొంతంగా ఆపొద్దు, డాక్టర్‌కి ‘నేను బరువులెత్తుతాను’ అని చెప్పండి అన్నాం. స్వింగ్‌లు, విసుర్లు, చటుక్కున లేవడాలు ఈ పదహారు వారాల బ్లాక్ చివరిదాకా రద్దు. రెండు వారాలు 60 శాతం, కిందికి నాలుగు సెకన్లు. తర్వాత రెండు వారాలు 75 శాతం. మడమ వెనక నొక్కితే నొప్పి ఉందా అని ప్రతిరోజూ వార్మప్‌కి ముందు చూశాం. లేదు.

మేడం ఈ నాలుగు వారాలూ ఏ గొడవా లేకుండా రాడ్డు మీద కిలో కిలో పెంచుకుంటూ పోయారు.

13–16 వారాలు

3 సెట్లు 3 రెప్స్, రెండు మిగిలేలా. సార్ డెడ్‌లిఫ్ట్ 77.5, 82.5, 90, 95. పెంపు పెద్దదిగా కనిపిస్తుంది గానీ ఎనిమిదో వారంలోనే 87.5 నాలుగు రెప్స్ దాటిన శరీరం అది. కొత్తవాళ్లు ఈ వరస కాపీ కొట్టొద్దు. 95తో మూడు, ఇంకో రెండు మిగిలాయి: సూత్రం ప్రకారం 111. మొదట్లో 89. స్క్వాట్ 67.5తో మూడు, అంచనా 79. మొదట్లో 63. ఇందులో మంచి భాగం పాత నైపుణ్యం తిరిగి రావడం, అంతా కొత్త కండ కాదు. ప్రెస్‌లో చెప్పుకోదగ్గదేమీ లేదు, భుజం నొప్పి పెరగలేదు, అంతే. కూర్చున్నప్పటి బీపీ 134/84, మాత్ర అదే.

మేడం డెడ్‌లిఫ్ట్ 42.5 కిలోలు 5 రెప్స్. కుర్చీ పరీక్ష 10 నుంచి 14. పిడికిలి 19.5.

పదిహేనో వారంలో జిమ్ కుర్రాళ్లు “అంకుల్, వంద వేసేయండి, వీడియో తీస్తాం” అని వెంటపడ్డారు. వేయలేదు. వంద ఎలాగూ మూడు రెప్స్ బరువుగానే వస్తుంది, తర్వాతి బ్లాక్‌లో.

తర్వాతి బ్లాక్ 17వ వారం నుంచి: సార్ మళ్లీ 3 సెట్లు 5, స్క్వాట్ 60, డెడ్‌లిఫ్ట్ 82.5తో మొదలు. స్వింగ్‌లు మందు ఆపి మూడు నెలలయ్యాక 8 కిలోలతో. మేడం దిమ్మలో ఒక ప్లైవుడ్ ముక్క తగ్గుతుంది, 42.5 అలాగే ఉంటుంది. సంక్రాంతికి ఇద్దరూ ఊరెళ్తున్నారు. రెండు వారాలు ఖాళీ పడితే తిరిగొచ్చిన మొదటి రోజు 80 శాతం, రెండు సెట్లు. నెల పడితే 65 శాతం. ఆపైన వారానికి ఐదు శాతానికి మించి పెంచేది లేదు.